ముందు గాలి శుభ్రం చేయండి, ఆ తర్వాత పరుగెత్తమనండి: ఆరోగ్య, కార్మిక శాఖలకు బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖ, కార్మిక శాఖ, ఫ్యాక్టరీల తనిఖీ విభాగం అధికారులకు,
సీసం, మాంగనీసు, పాదరసం, కాడ్మియం వాడే యాజమాన్యాలకు,
ఆ కార్మికులనూ వాళ్ల పిల్లలనూ చూసే వైద్యులకు,

నమస్కారం.

లోహాల మధ్య పనిచేసేవాళ్ల మెదడుకు ఏం జరుగుతోందో, దానికి ఏం చేయాలో వివరిస్తూ మేం రెండుసార్లు విన్నపం పంపాం. రెండుసార్లూ అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఈలోగా పని జరిగే షెడ్డుల్లో కొత్త పోస్టర్లు వెలిశాయి: "రోజూ వ్యాయామం చేయండి, ఒంట్లోని విషాన్ని చెమటతో పంపేయండి" అని. అలాంటి పోస్టరుకు మూరెడు దూరంలోనే బెల్టు తెగి తిరగని ఎగ్జాస్టు ఫ్యాను ఉంటోంది. దాని రెక్కల మీద వేలు పెట్టి రాస్తే బూడిదరంగు ధూళి అంటుతుంది. ఉదయం షిఫ్టుకు ముందు అదే ఫ్యాను కింద కార్మికులను వరసగా నిలబెట్టి పది నిమిషాలు గెంతిస్తున్నారు, గాఢంగా ఊపిరి పీల్చమంటున్నారు. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాం.

వ్యాయామం మెదడును కాపాడగలదన్న మాటను మేం కొట్టిపారేయడం లేదు. అది కాపాడుతుందని నమ్మడానికి బలమైన కారణాలున్నాయి, కింద చెబుతాం. మా అభ్యంతరం రెండు తప్పుల మీద. ఒకటి, వ్యాయామాన్ని చూపించి లోహం మూలాన్ని అలాగే వదిలేయడం. రెండోది దీనికి సరిగ్గా తిరగేసినది: రక్తంలో లోహం ఉందని తేలిన మనిషికి వైద్యులు మందులు రాస్తున్నారు, సెలవు రాస్తున్నారు, వ్యాయామం మాత్రం రాయడం లేదు. పైగా "విశ్రాంతి తీసుకో" అని మంచానికి పరిమితం చేస్తున్నారు. రెండూ మనిషికి చేటే.

ముందుగా వాస్తవాలు

1. మెదడులో లోహం చేసే పని. సీసం అయాను కాల్షియం అయానును పోలి ఉంటుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని పేగుల్లోంచీ, మెదడు రక్తనాళాల గోడల్లోంచీ లోపలికి రానిస్తుంది. జ్ఞాపకం కుదురుకునే హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల మీద ఎన్‌ఎండీఏ గ్రాహకాలు, అంటే సంకేతాలు అందుకునే ద్వారాలు ఉంటాయి. సీసం వాటి పని అణిచేస్తుంది. దాంతో కణం లోపలికి వెళ్లాల్సిన కాల్షియం సంకేతం బలహీనపడుతుంది. ఆ సంకేతం మీద ఆధారపడి తయారయ్యే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ తగ్గుతుంది. నాడీకణం బతకడానికీ, పక్క కణంతో కొత్త బంధం వేసుకోవడానికీ ఈ ప్రోటీన్ కావాలి.

మాంగనీసు దారి వేరు. అది మెదడు అడుగున గ్లోబస్ పాలిడస్ అనే చోట పేరుకుని నడకను దెబ్బతీస్తుంది. వెనక్కి అడుగు వేయమంటే పడిపోవడం, మునివేళ్ల మీద కోడిపుంజులా నడవడం దీని గుర్తులు. ఈ జబ్బును 1837లోనే వర్ణించారు, అంటే ఇది తెలియని జబ్బేమీ కాదు. పాదరసం ప్రోటీన్లలోని గంధకపు కొసలను పట్టుకుంటుంది, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ నిల్వను ఖర్చు చేయించేస్తుంది.

2. తక్కువ మోతాదు అంటే తక్కువ నష్టం అని కాదు. 2005లో ఏడు అధ్యయనాల్లోని 1,333 మంది పిల్లల లెక్కలను కలిపి చూశారు. రక్తంలో సీసం డెసిలీటరుకు 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగినప్పుడు తెలివితేటల సూచీలో (ఐక్యూ) 3.9 పాయింట్లు పోయాయి. 10 నుంచి 20కి పెరిగితే పోయినవి 1.9. 20 నుంచి 30కి పెరిగితే 1.1. మొదటి మెట్టు మీదే దెబ్బ ఎక్కువ. సీసానికి సురక్షితమైన స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఇలాంటి లెక్కలే కారణం. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకుమించి ఉంటే మూలాన్ని వెతికి ఆపాలని ఆ సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆ స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది.

3. వ్యాయామం ఎక్కడ అడ్డుపడుతుంది. సీసం తగ్గించే బీడీఎన్‌ఎఫ్‌ను పెంచే మార్గాల్లో నడక, పరుగు, సైకిలు, ఈత ముందు వరసలో ఉంటాయి. క్రమం తప్పని వ్యాయామంతో కణాల్లో విరుగుడు ఎంజైములు, గ్లూటాథయోన్ సామర్థ్యం పెరుగుతాయి. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా కొత్తగా ఏర్పడతాయి, మెదడుకు రక్తప్రసరణ మెరుగవుతుంది. మనుషుల్లో కొలిచిన ఫలితం ఒకటుంది. 2011లో వెలువడిన అధ్యయనంలో 120 మంది పెద్దవయసువాళ్లను రెండు జట్లు చేశారు. ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల దాకా వేగంగా నడిచిన జట్టులో హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసిన జట్టులో అది తగ్గింది. లోహం దెబ్బకొట్టేదీ వ్యాయామం బాగుచేసేదీ ఒకే చోటు. ఈ వాదనకు ఉన్న బలమంతా ఇదే.

ఇక సీసం ఎక్కించిన ఎలుకల మీద చేసిన ప్రయోగాలు. ట్రెడ్‌మిల్ మీదో, తిరిగే చక్రంలోనో పరుగెత్తిన ఎలుకలు జ్ఞాపకశక్తి పరీక్షల్లో, పరుగెత్తని వాటికన్నా మెరుగ్గా నిలిచాయి. 2003లో వెలువడిన మరో ప్రయోగంలో సీసం బారిన పడి పెరిగిన ఎలుక పిల్లలను, పాలు మానాక ఆటవస్తువులు, తోటి ఎలుకలు ఉన్న పెద్ద గూడులో ఉంచారు. నీటి తొట్టెలో దారి నేర్చుకునే పరీక్షలో వాటి లోటు పూడింది. నష్టం జరిగిపోయాక కూడా మెదడుకు కోలుకునే చోటు మిగిలి ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది. లోహం సోకిన పిల్లల తల్లిదండ్రులకు "ఇక చేసేదేం లేదు" అని చెప్పి పంపేసే వైద్యులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఆ ఎలుకలు శుభ్రమైన గదిలో పరుగెత్తాయి. కొలిమి పక్కన కాదు. లోహం సోకిన మనుషుల మీద ఇదే విషయాన్ని తేల్చే పెద్ద ప్రయోగాలు జరగలేదు. కాబట్టి "వ్యాయామం సీసం నుంచి కాపాడుతుంది" అని పోస్టరు మీద అచ్చువేయడానికి ఎవరికీ హక్కులేదు. "కాపాడే అవకాశం ఉంది, ఇతరత్రా మేలు ఎలాగూ ఖాయం" అన్నంతవరకే నిజం.

4. వ్యాయామం సీసాన్ని బయటికి పంపదు. పెద్దవాళ్ల ఒంట్లోని సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో ఉంటుంది. రక్తంలో సీసం సగం కావడానికి నెల పడితే, ఎముకలో సగం కావడానికి ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది. బయటికి పోయే దారులు ముఖ్యంగా మూత్రం, మలం. చెమటలో సీసం కనబడే మాట నిజమే. కానీ చర్మం మీద అంటిన ధూళి కూడా ఆ నమూనాలో కలుస్తుంది, చూసేవాళ్లు అదంతా ఒంట్లోంచి వచ్చిందనుకుంటారు. ఆవిరి గదులు, "విషహరణ" పానీయాలు అమ్మేవాళ్లకు ఈ పొరపాటే పెట్టుబడి.

5. మురికి గాలిలో వ్యాయామం మోతాదును పెంచుతుంది. ఇది చేతివేళ్ల మీద లెక్క. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. చురుగ్గా కదిలితే అది 40 లీటర్లకు పోతుంది. షెడ్డు గాలిలో ఘనపు మీటరుకు 30 మైక్రోగ్రాముల సీసం ఉందనుకోండి. గంటసేపు కూర్చుంటే లోపలికి పోయేది 14.4 మైక్రోగ్రాములు. అదే గంట కసరత్తు చేస్తే 72. పైగా శ్రమ పెరిగినప్పుడు నోటితో పీలుస్తాం, ముక్కు చేసే వడపోత తప్పిపోతుంది. ఇరవై మంది ఒక్కసారిగా గెంతితే నేలమీద పేరుకున్న ధూళి లేచి గాలిలో కలుస్తుంది, ఆ భాగం ఈ లెక్కలోకి రాలేదు. గుడ్డ మాస్కు కట్టించామని సర్దిచెప్పుకోవద్దు. వెల్డింగ్ పొగలోని రేణువులు చాలావరకు ఒక మైక్రాను కన్నా చిన్నవి, గుడ్డ వాటిని ఆపలేదు.

ఆటస్థలాలకూ ఇదే వర్తిస్తుంది. గోడల మధ్య ఉండే షూటింగ్ రేంజిల్లో తూటా లోహంలోనూ, దాన్ని పేల్చే మందులోనూ సీసం ఉంటుంది. ఆట ముగిశాక పొడి చీపురుతో ఊడ్చే మనిషి, తుపాకీ ముట్టుకోకుండానే ఆ ధూళి పీలుస్తాడు. పాత రంగు పెచ్చులూడే ఉయ్యాలల కింద మట్టిలో ఆడే పిల్లలకు చేతి నుంచి నోటికి పోయేదే ప్రధాన దారి. మింగిన సీసంలో పెద్దవాళ్లు పదో వంతు, అంతకు కొంచెం ఎక్కువ ఒంటికి పట్టించుకుంటే, పసిపిల్లలు సగం దాకా పట్టించుకుంటారు. ఇనుము, కాల్షియం లోపముంటే ఇంకా ఎక్కువ.

6. పరీక్ష కాగితం ఎలా మోసం చేస్తుంది. ఈ అంశం మీద కొంచెం ఎక్కువ రాస్తున్నాం, ఎందుకంటే వ్యాయామ కార్యక్రమం విజయవంతమైందని మీకు వచ్చే నివేదికలన్నీ ఇక్కడే దారితప్పుతున్నాయి.

రక్తంలోని సీసంలో 95 శాతానికి పైగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, ఎర్రకణాల నిష్పత్తి తగ్గుతుంది. అప్పుడు డెసిలీటరు రక్తంలో సీసం అంకె కొంచెం దిగుతుంది, ఒంట్లోంచి ఒక్క మైక్రోగ్రాము పోకపోయినా. దీనికి తిరగేసి, కసరత్తు చేసి చెమటోడ్చిన వెంటనే రక్తం తీస్తే అది చిక్కబడి ఉంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే నమూనా ఎప్పుడూ వ్యాయామానికి ముందు, కాసేపు కూర్చోబెట్టి తీయాలి. అదే నమూనాలో హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల నిష్పత్తి) కూడా చూడాలి. అవి లేకుండా సీసం అంకెను పాత అంకెతో పోల్చడం కుదరదు.

మరో సంగతి. మనిషిని ఆ పని నుంచి నెలరోజులు తప్పిస్తే రక్తంలో సీసం దానంతటదే దిగుతుంది. అదే నెలలో యోగా తరగతి పెడితే ఖ్యాతి యోగాకు పోతుంది. ఆ తర్వాత అతన్ని మళ్లీ కొలిమి దగ్గరికి పంపుతారు.

వేలికొస నుంచి తీసిన చుక్కలో చర్మం మీది సీసం కలిసే ప్రమాదముంది. అంకె ఎక్కువొస్తే సిర నుంచి తీసి నిర్ధారించుకోవాలి. మాంగనీసుకు రక్తపరీక్ష గతంలో సోకినదాన్ని సరిగా చెప్పదు, నడక పరీక్ష, ఎంఆర్ఐ కావాలి. పాదరసం ఏ రూపంలో సోకిందన్నదాన్నిబట్టి నమూనా మారుతుంది: మిథైల్ పాదరసమైతే రక్తం లేదా వెంట్రుక, పాదరసపు ఆవిరి అయితే మూత్రం. ఒంట్లోని లోహాన్ని పట్టుకుని మూత్రంలోకి పంపే కీలేషన్ మందు ఇచ్చి, ఆ తర్వాత మూత్రం తీసి "చూడండి ఎంత లోహం ఉందో" అని భయపెట్టే పరీక్షకు పోల్చడానికి సరైన ప్రమాణాలే లేవు. దాన్ని ఒప్పుకోవద్దు.

7. మంచాన పడితే ఎముక సీసాన్ని వదులుతుంది. బరువు మోయని ఎముక కరుగుతుంది. కరిగేటప్పుడు కాల్షియంతో పాటు అందులో దాగిన సీసమూ రక్తంలోకి వస్తుంది. పాత సీసం ఉన్న పిల్లలకు కాలు విరిగి కట్టుతో కదలకుండా ఉన్నప్పుడు సీసం లక్షణాలు తిరగబెట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, నెలసరి ఆగిన స్త్రీలకు కూడా ఎముక నుంచి సీసం కదులుతుంది. నడక, మెట్లెక్కడం, బరువులెత్తడం వల్ల ఎముక నిలుస్తుంది, సీసం ఉన్నచోటే ఉంటుంది. లోహం సోకినవాళ్లకు వ్యాయామం రాయమని మేం అడగడానికి మెదడుతో పాటు ఇదీ కారణం. సన్నబడాలని తిండి మానేసి చేసే కసరత్తు దీనికి వ్యతిరేకం, అది ఎముకను పలచబరుస్తుంది.

సామాన్యుల మీద పడుతున్న భారం

ఈ లోహాల దగ్గర పనిచేసే మనిషికి మొదట పోయేది ఏకాగ్రత. పనిలో కొలత తప్పుతాడు, యంత్రంలో వేలు పెడతాడు. నిర్లక్ష్యమని మెమో ఇస్తారు. ఇంట్లో చిరాకు, నిద్రలేమి. భార్య స్వభావం మారిందనుకుంటుంది. రక్తపోటు పెరుగుతుంది, దానికి ఉప్పు కారణమంటారు. ఇదంతా రక్తపరీక్ష ఒక్కటి ముందే చేసి ఉంటే తెలిసేది. అతను బట్టలు, బూట్లు, తలవెంట్రుకల మీద మోసుకెళ్లే ధూళి ఇంట్లో పాకే పసిబిడ్డకు చేరుతుంది. బిడ్డ బడికెళ్లే వయసుకు మందకొడి అనిపించుకుంటుంది. అక్కడితో ఆగదు. "వ్యాయామం చేయమన్నాం, చేయలేదు" అన్న ఒక్క వాక్యంతో మొత్తం తప్పు కార్మికుడి మీదికి నెట్టేయడం ఇప్పుడు మొదలైంది. మా విన్నపంలో అన్నిటికన్నా గట్టిగా అభ్యంతరం చెప్పింది దీని మీదే.

మందుంది కదా అనుకునేవాళ్లకు ఒక మాట. డెసిలీటరుకు 20 నుంచి 44 మైక్రోగ్రాముల సీసం ఉన్న 780 మంది పిల్లలకు సక్సిమర్ అనే కీలేషన్ మందు ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2001లో వచ్చాయి. రక్తంలో సీసం తగ్గింది, తెలివితేటల పరీక్షల్లో మాత్రం మెరుగు కనబడలేదు. పిల్లల్లో 45, అంతకుమించి ఉంటే కీలేషన్ అవసరం, అందులో వాదన లేదు. కానీ పనిలో కొనసాగిస్తూ, మూలం ఆపకుండా, "ముందుజాగ్రత్తగా" కీలేషన్ ఎక్కించడం ప్రమాదం. కీలేషన్‌కు వాడే కాల్షియం ఈడీటీఏ బదులు సోడియం ఈడీటీఏ ఎక్కించడం వల్ల రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణాలు పోయిన సంఘటనలు 2003-2005 మధ్య అమెరికాలో నమోదయ్యాయి. రెండు మందుల పేర్లూ ఒకేలా కనబడతాయి.

మా డిమాండ్లు

1. వ్యాయామ కార్యక్రమం పెట్టాలంటే ముందు గాలి కొలత చూపాలి. షెడ్డు గాలిలో లోహం ఎంతుందో కార్మికుడి కాలరుకు తగిలించే పంపుతో, పూర్తి షిఫ్టు కొలవాలి. గోడకు తగిలించిన పంపు అంకె చాలదు, పొగ ముఖం దగ్గర ఉంటుంది. ఆ అంకెను తెలుగులో, కార్మికులు చదివే చోట అతికించాలి. దాని పక్కనే కావాలంటే మీ పోస్టరు పెట్టుకోండి.

2. పొగ పుట్టేచోటే పీల్చే హుడ్లు పెట్టాలి, పెట్టినవి పనిచేయాలి. హుడ్ నోటి నుంచి గొట్టం వ్యాసమంత దూరం జరిగేసరికి పీల్చే వేగం పదో వంతుకు పడిపోతుంది. మనం చూసే చాలా హుడ్లు రెండు, మూడు వ్యాసాల దూరంలో అలంకారంగా వేలాడుతుంటాయి. వెల్డింగ్ మంట దగ్గర గాలి వేగం సెకనుకు అర మీటరైనా ఉండాలి, ఎనిమోమీటరుతో వారానికోసారి కొలిచి రాయాలి. ఎనిమోమీటరు లేనిరోజు, పరీక్ష కోసం కాస్త పొగ వదిలే చిన్న గొట్టంతో చూసినా చాలు: పొగ తిన్నగా హుడ్‌లోకి పోవాలి, మనిషి ముఖం మీదుగా కాదు. పొడి చీపురు, గాలి గొట్టంతో దులపడం నిషేధించాలి. తడిగుడ్డ, సన్నటి ధూళిని ఆపే హెపా ఫిల్టరున్న వ్యాక్యూమ్ మాత్రమే వాడాలి.

3. పని జరిగే చోట ఏ కసరత్తూ చేయించకూడదు. క్రమం ఇలా ఉండాలి: షిఫ్టు ముగియాలి, పని బట్టలు, బూట్లు అక్కడే విప్పాలి, సబ్బుతో తల నుంచి స్నానం చేయాలి, ఇంటి బట్టలు వేసుకోవాలి, అప్పుడే వ్యాయామం. పని బట్టలు ఫ్యాక్టరీలోనే ఉతికించాలి. ఈ సమయాన్ని పనిగంటల్లో లెక్కించాలి. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసిన మనిషిని తన సొంత సమయంలో పరుగెత్తమంటే ఎవరూ పరుగెత్తరు, అందులో సోమరితనమేమీ లేదు.

4. రక్తపరీక్షలు యాజమాన్యం ఖర్చుతో జరగాలి, ఫలితం మొదట కార్మికుడికి అందాలి. పనిలో చేరేముందు ఒకటి, తొలి ఆరు నెలలు రెండు నెలలకోసారి, ఆపై ఆరు నెలలకోసారి. సీసం ఒక్కసారి 30 దాటినా, నాలుగు వారాల తేడాతో రెండుసార్లు 20 దాటినా ఆ పని నుంచి తప్పించాలి. జీతం తగ్గకూడదు, సీనియారిటీ పోకూడదు. ఈ హామీ లేకపోతే పరీక్షకు వచ్చేముందు కార్మికులు నాలుగు రోజులు సెలవు పెట్టి అంకె దించుకుందామని చూస్తారు, అది మీకు తెలిసిన సంగతే.

5. లోహం సోకిన ప్రతివాళ్లకూ వైద్యుడు వ్యాయామం చీటీ మీద రాసివ్వాలి. "వాకింగ్ చేయండి" అంటే చాలదు. మేం సూచించే పద్ధతి: మొదటి వారం రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాల నడక. ప్రతి వారం పూటకు అయిదు నిమిషాలు పెంచుతూ, వారానికి 150 నిమిషాల చురుకైన నడక ఖాయంగా అందేలా చూడాలి. వేగం సరిపోయిందో లేదో తెలియడానికి గుర్తు, మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. వారానికి రెండు రోజులు కండరాలకు బరువు పని: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మెట్లెక్కడం, గోడకు చేతులానించి తోయడం, ఒక్కొక్కటి పదేసి చొప్పున రెండు విడతలు. పిల్లలకు రోజుకు 60 నిమిషాల ఆట, శుభ్రమైన నేల మీద, ఆట ముగిశాక సబ్బుతో చేతులు కడగడం. అలవాటులేని మనిషిని మొదటిరోజే ఒళ్లు హూనమయ్యేలా పరుగెత్తించవద్దు. అలాంటి శ్రమ కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే కణాన్ని దెబ్బతీసే రసాయనాల పోగును పెంచుతుంది, లోహం చేసే పనికి అది తోడవుతుంది.

6. చీటీ రాసేముందు ఇవి చూడాలి. సీసం సోకినవాళ్లలో హిమోగ్లోబిన్, రక్తపోటు, మూత్రపిండాల పనితీరు. కడుపులో మెలిపెట్టే నొప్పి, మణికట్టు వాలిపోవడం, మూర్ఛ ఉంటే వ్యాయామం మాట పక్కనపెట్టి ఆసుపత్రికి పంపాలి. మాంగనీసు, పాదరసం సోకి నడక తూలేవాళ్లకు రోడ్డు మీద నడక వద్దు, పట్టుకునే కడ్డీ ఉన్న స్థిరమైన సైకిలు మేలు. కాడ్మియం ఏళ్ల తరబడి సోకితే ఎముకలు పెళుసవుతాయి, గెంతులు వద్దు. ఆర్సెనిక్ గుండె విద్యుత్తు లయను మార్చగలదు, ఈసీజీ తీసి క్యూటీ విరామం (ఒకసారి కొట్టుకున్న గుండె గదులు మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం) చూశాకే వేగం పెంచాలి. అందరికీ ఇనుము పరీక్ష చేయాలి, లోపముంటే సరిచేయాలి. ఇనుము తక్కువైతే పేగులు సీసాన్నీ, మాంగనీసునూ ఎక్కువ పీలుస్తాయి.

7. బళ్లు, పార్కులు, ఆటస్థలాల్లో రంగునూ మట్టినీ పరీక్షించాలి. కొత్తగా వేసే రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదు. పాత రంగును పొడిగా గీకడం నిషేధించి, తడిపి తీయించాలి. బోసి మట్టిని గడ్డితోనో చెక్కపొట్టుతోనో కప్పాలి. షూటింగ్ రేంజిల్లో ఊడ్చేవాళ్లకూ రక్తపరీక్ష హక్కు ఉండాలి.

8. "చెమటతో విషం పోతుంది" అనే పోస్టర్లు, కరపత్రాలు వెంటనే తీసేయాలి. వాటి స్థానంలో ఏం రాయాలో అడిగితే మేమే ఉచితంగా రాసిస్తాం. మొదటి వరసలో ఫ్యాను బాగుచేయించే మనిషి ఫోను నంబరు ఉంటుంది.

9. ఏ ప్రమాద విచారణలోనూ, ఏ నష్టపరిహారం దరఖాస్తులోనూ, కార్మికుడు వ్యాయామం చేయలేదన్న కారణాన్ని అతనికి వ్యతిరేకంగా వాడకూడదని ఉత్తర్వు ఇవ్వాలి.

10. గాలి కొలిచి, హుడ్లు బాగుచేసిన కొన్ని చోట్లయినా, వ్యాయామం ఇచ్చిన జట్టునూ ఇవ్వని జట్టునూ ఏడాదిపాటు జ్ఞాపకశక్తి, చేతివేగం పరీక్షలతో గమనించే అధ్యయనం మొదలుపెట్టాలి. నమూనాలు తీసే పద్ధతి పైన వాస్తవాల్లోని 6వ అంశంలో రాశాం. పరీక్ష పత్రాలు, శిక్షణ మేం సమకూరుస్తాం. మీ వంతుగా అనుమతి ఇస్తే చాలు.

వీటిలో 1, 3, 8, 9 డిమాండ్లకు ప్రభుత్వ బడ్జెట్టు అక్కర్లేదు, సంతకం చాలు. వాటి మీద 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాం. మిగతావాటికి తేదీలతో కూడిన ప్రణాళిక 90 రోజుల్లో ఇవ్వాలి. జవాబు వచ్చినా రాకపోయినా, దాన్ని ఈ లేఖ చదివినవాళ్లందరికీ తెలియజేస్తాం.

ఇట్లు,
వృత్తి ఆరోగ్య వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, పనిచోటి గాలి కొలిచే నిపుణులు